మెషీన్ ఒకటంటుంది, జీనోమ్ ఇంకోటంటుంది: క్లెబ్సియెల్లాతో మైక్రోబయాలజిస్టులకు ఒక శిక్షణ

బోధనాస్పత్రుల్లో పనిచేసే మైక్రోబయాలజిస్టులకు బ్యాక్టీరియా జీనోమ్ చదవడం నేర్పే పని కొంతకాలంగా చేస్తున్నాను. అందులో ఒక బ్యాచ్ గురించి ఈ కేస్ స్టడీ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆస్పత్రుల నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళంతా. కొందరు ఎండీ మైక్రోబయాలజీ చేసినవాళ్ళు, కొందరు ఎమ్మెస్సీ చేసి ల్యాబులో స్థిరపడినవాళ్ళు. మూత తీయకముందే వాసనను బట్టి సూడోమోనాస్ అని చెప్పేయగల అనుభవజ్ఞులు. కానీ కమాండ్లు టైపు చేసే టెర్మినల్ అనే నల్ల తెరను చాలామంది అక్కడే మొదటిసారి చూశారు.

వాళ్ళందరి ప్రశ్నా దాదాపు ఒకటే. ఐసీయూలో ఒకే వారంలో ఇద్దరికి రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా పెరిగింది. ఇద్దరి రిపోర్టులోనూ మెరోపెనెమ్ ఆర్, అమికాసిన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, అంటే రెసిస్టెంట్, ఆ మందులు పనిచేయవని. ఇది ఒకరి నుంచి ఒకరికి పాకిందా, లేక ఎవరి క్రిమి వాళ్ళు ఇంటినుంచో ఇంకో ఆస్పత్రి నుంచో తెచ్చుకున్నారా? ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈ రిపోర్టు, యాంటీబయోగ్రామ్, దీనికి జవాబు చెప్పదు. మన పెద్దాస్పత్రుల ఐసీయూల్లో దొరికే క్లెబ్సియెల్లాల్లో చాలావాటికి అదే వరసలో ఆర్, ఆర్, ఆర్ పడుతుంది కాబట్టి, రెండు రిపోర్టులు ఒకేలా ఉన్నాయంటే దాని అర్థం దాదాపు ఏమీ లేదు.

దేశంలో ఈ పనికి పునాది లేదని కాదు. ఐసీఎంఆర్ రెసిస్టెన్స్ నిఘా నెట్‌వర్క్ 2013 నుంచి నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ ఎన్‌సీడీసీకి తన సొంత ల్యాబ్ నెట్‌వర్క్ ఉంది. బ్రిటన్ నిధులతో కొలంబియా, నైజీరియా, ఫిలిప్పీన్స్, ఇండియాల్లో జీనోమ్ నిఘా కోసం పెట్టిన ఒక పరిశోధన యూనిట్‌లో మన దేశం తరఫున బెంగళూరులోని కెంపేగౌడ మెడికల్ కాలేజీ కేంద్ర పరిశోధనా ల్యాబ్ పనిచేసింది. అక్కడ తేలిన పెద్ద విషయం: వచ్చి నేర్చుకుని వెళ్ళిపోవడం కాదు, ఎక్కడి శాంపిల్ అక్కడే సీక్వెన్స్ చేసి అక్కడే చదవగలిగే మనుషులు కావాలి. నేను ఈ శిక్షణ మొదలుపెట్టింది కూడా ఆ నమ్మకంతోనే.

వచ్చినవాళ్ళలో చాలామందికి సీక్వెన్సింగ్ అంటే కోవిడే. 2020 డిసెంబరులో కరోనా వైరస్ జీనోమ్‌లు చదివే ల్యాబుల కూటమి ఇన్సాకాగ్ మొదలైనప్పుడు మొదటి పది ల్యాబుల్లో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్‌వే. ఆ రెండేళ్ళలో మెషీన్లు వచ్చాయి, చాలామందికి చెయ్యి తిరిగింది. అయితే ఆ అలవాటే బ్యాక్టీరియా దగ్గర అడ్డం వస్తుంది. కరోనా వైరస్ జీనోమ్ సుమారు 30 వేల అక్షరాలు, క్లెబ్సియెల్లాది సుమారు 55 లక్షలు. సైజు తేడాతో పెద్ద ఇబ్బంది లేదు, కంప్యూటర్ చూసుకుంటుంది. కోవిడ్‌లో ప్రతి శాంపిల్‌నూ ఒకే వూహాన్ రిఫరెన్స్‌తో పోల్చి తేడాలు రాస్తే పని అయిపోయేది. బ్యాక్టీరియాలో మనకు కావలసిన రెసిస్టెన్స్ జీన్లు ఎక్కువగా ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయాల) మీద తిరుగుతుంటాయి. మనం ఎంచుకున్న రిఫరెన్స్‌లో అవి అసలు లేకపోవచ్చు. రిఫరెన్స్‌తో పోల్చి ఊరుకుంటే ఏది వెతకడానికి వచ్చామో అదే జారిపోతుంది. అందుకే ముందు అసెంబ్లీ (మెషీన్ చదివిన ముక్కలను, అంటే రీడ్స్‌ను, అతికి జీనోమ్ కట్టడం), ఆ తర్వాతే పోలిక అన్న వరసను వాళ్ళ చేత పదేపదే చేయించాల్సి వచ్చింది.

ఇలాంటి కోర్సులు సాధారణంగా లినక్స్ కమాండ్లతో మొదలై ఏ క్రిమి దేనికి దగ్గరో చూపే చెట్టు బొమ్మ గీయడంతో ముగుస్తాయి. మధ్యలో అందరికీ ఒకే ప్రాక్టీసు డేటా ఇస్తారు. అది శుభ్రంగా ఉంటుంది, ప్రతి టూలూ చక్కగా నడుస్తుంది, అందరికీ సర్టిఫికెట్ వస్తుంది. ఇంటికెళ్ళి సొంత ఐసొలేట్ (రోగి శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన క్రిమి) పెట్టగానే అంతా తారుమారు. నేను వేరే దారి పట్టాను. వచ్చేముందు ఒక్కొక్కరినీ వాళ్ళ ఫ్రీజర్ నుంచి కొన్ని ఐసొలేట్లు ఎంచుకోమన్నాను. అందులో కొన్ని మామూలువి. మిగతావి వాళ్ళను ఎప్పుడో ఒకప్పుడు తికమక పెట్టినవి: ప్లేటు మీద పెట్టే మందు డిస్క్ ఒకటి చెప్పి ల్యాబు మెషీన్ ఇంకోటి చెప్పినవి, రిపోర్టులో సెన్సిటివ్ అని ఉన్నా మందు పనిచేయనివి. ఈ పొంతన కుదరని ఐసొలేట్లే మా సిలబస్.

కంప్యూటర్ ముందు కూర్చునే లోపే ఎదురైన చిక్కు డీఎన్‌ఏ. క్లెబ్సియెల్లాకు జిగట తొడుగు ఉంటుంది. ఆ జిగురు ఎక్స్‌ట్రాక్షన్‌లో వెంట వస్తే కాలమ్ మూసుకుపోతుంది, వచ్చిన డీఎన్‌ఏ కూడా లైబ్రరీకి (సీక్వెన్సింగ్ కోసం డీఎన్‌ఏను సిద్ధం చేయడానికి) సరిగా పనికిరాదు. డీఎన్‌ఏ కొలిచే నానోడ్రాప్ మెషీన్ మాత్రం దివ్యంగా ఉందని చూపిస్తుంది, ఎందుకంటే అది ఆర్‌ఎన్‌ఏనీ ఇతర మలినాలనీ కూడా కలిపి లెక్కేస్తుంది. డీఎన్‌ఏను మాత్రమే లెక్కేసే క్యూబిట్‌లో కొలిస్తే అసలు అంకె బయటపడుతుంది. రెంటి అంకెలూ పక్కపక్కన రాయించాను. తేడా చూశాక నానోడ్రాప్ అంకె చూసి మురిసిపోవడం మానేశారు.

ఇంకో సంగతి, శుద్ధి. ప్లేటు మీద ఒకే కాలనీలా కనిపించినా కింద ఇంకోటి దాక్కుని ఉండొచ్చని మైక్రోబయాలజిస్టుకు ఎవరూ చెప్పక్కర్లేదు. సీక్వెన్స్ ఫైల్‌లో అదే సంగతి ఎలా కనిపిస్తుందో చూపించడమే నా పని. క్లెబ్సియెల్లాలో జీసీ శాతం (డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాల వాటా) సుమారు 57, ఈ.కోలైలో 50–51, అసినెటోబ్యాక్టర్‌లో 39, స్టాఫ్ ఆరియస్‌లో 33. అసెంబ్లీ మొత్తం పొడవు 55 లక్షల దగ్గర ఆగకుండా 90 లక్షలు దాటితే, జీసీ గ్రాఫ్‌లో ఒకటికి బదులు రెండు గుట్టలు లేస్తే, అది కొత్త జాతి కాదు, రెండు క్రిములు. బ్యాచ్‌లో ఒకాయన తన ఐసొలేట్‌లో క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ రెంటి జీన్లూ కనబడేసరికి అరుదైన జీన్ మార్పిడి దొరికిందని సంబరపడ్డారు. ఆ స్టాక్‌ను మళ్ళీ ప్లేటు మీద గీయిస్తే పొద్దున్నకి రెండు రకాల కాలనీలు. క్రాకెన్ అనే టూల్ అరనిమిషంలో చెప్పే మాట అది. కానీ ప్లేటు చూశాకే ఆయన నమ్మారు, అదీ నాకు నచ్చింది.

శాంపిల్ పేర్ల గురించి ఒక్క మాట. 3-12 అని ఐసొలేట్ నంబరు ఎక్సెల్‌లో కొడితే అది దాన్ని తేదీగా మార్చేస్తుంది. అది ఎవరూ చూసుకోరు. చివర చెట్టు బొమ్మలో రెండు కొమ్మలకు పేరు మారితే ఒక వార్డు మీద లేనిపోని నింద పడుతుంది. ఐడీలన్నీ అక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మిగతాదంతా ఎవరిష్టం వాళ్ళది.

కమాండ్ లైన్ ముందా, వెబ్ టూల్ ముందా అన్నది ఈ రంగంలో చర్చే. నేను వెబ్ ముందు అంటాను. పాథోజెన్‌వాచ్ వెబ్‌సైట్‌లో అసెంబ్లీ ఫైల్ లాగి వదిలితే కాసేపట్లో ఎస్‌టీ (క్రిమి ఏ వంశానిదో చెప్పే నంబరు), జీన్లు, చెట్టు అన్నీ వస్తాయి. జవాబు ఎలా ఉంటుందో ముందు చూసినవాళ్ళకు, తర్వాత ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆసక్తి పుడుతుంది. టెర్మినల్ టెన్షన్ కూడా సగం తగ్గుతుంది. ఒక షరతు: రోగి పేరు, ఐపీ నంబరు ఏ ఫైల్‌లోనూ పైకి ఎక్కకూడదు.

అసలు పాఠం మొదటి రిపోర్టులు రాసినప్పుడు మొదలైంది. ఒక మేడమ్ తన ఐసొలేట్‌లో దొరికిన రెసిస్టెన్స్ జీన్ల పొడుగాటి జాబితా తెచ్చి, "సర్, ఇన్ని జీన్లుంటే ఇక ఏ మందూ పనిచేయదు కదా?" అన్నారు. ఆ జాబితాలో మొదట ఉన్నవి ఎస్‌హెచ్‌వీ బీటా లాక్టమేజ్, ఫాస్-ఏ, ఓక్యూఎక్స్-ఏబీ. ఈ మూడూ దాదాపు ప్రతి క్లెబ్సియెల్లా న్యుమోనియే క్రోమోజోమ్‌లోనూ పుట్టుకతో ఉంటాయి. ఈ క్రిమికి ఆంపిసిలిన్ పనిచేయదని మనం టెస్ట్ కూడా చేయకుండా రాసేస్తామే, దానికి కారణం ఆ ఎస్‌హెచ్‌వీనే. దాన్ని చూసి ఈఎస్‌బీఎల్ (సెఫలోస్పోరిన్ మందులను కూడా విరిచేసే ఎంజైమ్) అని రిపోర్టు రాయడం కొత్తవాళ్ళు అందరూ చేసే పని. ఎస్‌హెచ్‌వీలో కొన్ని రకాలే ఈఎస్‌బీఎల్, చాలావి కావు. ఈ.కోలైలో ఎమ్‌డీఎఫ్-ఏ అనే జీన్ కూడా ఇలాంటిదే. డేటాబేస్ దాన్ని మాక్రొలైడ్ రెసిస్టెన్స్ కింద చూపిస్తుంది, అది ఇంచుమించు ప్రతి ఈ.కోలైలోనూ ఉంటుంది. టూల్ తప్పు చెప్పడం లేదు. జీన్ ఉంది అంటోంది, అంతే. అది ఉంటే ఏమవుతుందో చెప్పాల్సింది మైక్రోబయాలజిస్టు. ఈ సంగతి అర్థమయ్యాక గదిలో గాలి మారింది. అప్పటిదాకా బయోఇన్ఫర్మాటిక్స్ చదివిన కుర్రాళ్ళ ముందు వెనకడుగు వేసినవాళ్ళు, ఇది మా సబ్జెక్టే కదా అని ముందుకు జరిగారు.

పొంతన కుదరని ఐసొలేట్లలో బాగా పనికొచ్చినవి రెండు.

మొదటిది మెరోపెనెమ్ రెసిస్టెంట్ క్లెబ్సియెల్లా. పొడుగు ముక్కలు చదివే నానోపోర్ మెషీన్ మీద సీక్వెన్స్ చేశాం. అసెంబ్లీ చూడముచ్చటగా వచ్చింది: క్రోమోజోమ్ ఒకే వలయం, పెద్ద ప్లాస్మిడ్లు విడివిడిగా పూర్తి వలయాలు. మెరోపెనెమ్ లాంటి కార్బాపెనెమ్ మందులను విరిచేసే ఎంజైమ్, కార్బాపెనమేజ్, జీన్ మాత్రం లేదు. గదిలో వాదన మొదలైంది. మెషీన్ తప్పు అని సగంమంది, పోరిన్లు (మందు క్రిమి లోపలికి వెళ్ళే దారులు) పాడై ఉంటాయని మిగతావాళ్ళు. రెండూ జరగగల విషయాలే. ఎస్‌టీ చూడమన్నాను: 231. మన దేశపు ఆస్పత్రుల్లో ఎస్‌టీ231 అంటే ముందు గుర్తుకు రావలసింది ఆక్సా-232 అనే కార్బాపెనమేజ్. ఈ జీన్ ఉండేది సుమారు 6 వేల అక్షరాల బుల్లి ప్లాస్మిడ్ మీద. లిగేషన్ కిట్‌తో లైబ్రరీ చేస్తే అడాప్టర్ అతుక్కోవడానికి డీఎన్‌ఏకు తెగిన కొసలు కావాలి. పెద్ద డీఎన్‌ఏ ఎలాగూ ఎక్స్‌ట్రాక్షన్‌లో తెగుతుంది. బుల్లి వలయం తెగకుండా అలాగే ఉండిపోతుంది, కాబట్టి దాని రీడ్స్ బాగా తక్కువ వస్తాయి. వచ్చిన కాసిన్నీ పొట్టి రీడ్స్ తీసేసే ఫిల్టర్‌లో పోతాయి. అదే డీఎన్‌ఏను ర్యాపిడ్ కిట్‌తో మళ్ళీ చేశాం. అందులో ఎంజైమే వలయాన్ని కోస్తుంది. ఈసారి ఆక్సా-232 వచ్చి కూర్చుంది.

నా లెక్కలో మొత్తం కోర్సులో ఖరీదైన పాఠం ఇదే. అసెంబ్లీ ఎంత అందంగా ఉందో చూసి దాన్ని నమ్మకూడదు, ప్లేటు మీద కనిపించినదానికి కారణం దొరికిందా లేదా అని చూడాలి. ఇది చికిత్సను కూడా తాకే విషయం. సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ అనే మందు ఆక్సా-48 కుటుంబం (ఆక్సా-232 అందులోదే) మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎమ్ అనే ఇంకో కార్బాపెనమేజ్ మీద పనిచేయదు. ఎన్‌డీఎమ్ ఉంటే దానికి అజ్ట్రియోనామ్ జోడించాలి. కార్బాపెనెమ్ ఆర్ అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోతే ఈ తేడా కనిపించదు. మన దగ్గర రెండు జీన్లూ ఒకే క్రిమిలో ఉండే సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఒకటి దొరికింది కదా అని వెతకడం ఆపేయడానికీ లేదు.

రెండోది కొలిస్టిన్. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లో రెసిస్టెంట్ అని తేలిన ఐసొలేట్‌లో ఎమ్‌సీఆర్ జీన్ (బయటినుంచి వచ్చే కొలిస్టిన్ రెసిస్టెన్స్ జీన్) కోసం వెతికారు. లేదు. క్లెబ్సియెల్లాలో కొలిస్టిన్ రెసిస్టెన్స్ బయటినుంచి కొత్త జీన్ రావడం వల్ల కన్నా, ఉన్న జీన్ పాడవడం వల్లే ఎక్కువగా వస్తుంది. ఎమ్‌జీఆర్-బీ అనే జీన్ పట్టుమని 150 అక్షరాలు కూడా ఉండదు. దాని మధ్యలోకి ఒక ఇన్సర్షన్ సీక్వెన్స్ (జీనోమ్‌లో చోటు మారే డీఎన్‌ఏ ముక్క) దూరితే చాలు. రెసిస్టెన్స్ జీన్ల జాబితా మాత్రమే ఇచ్చే టూల్‌కు ఇది కనిపించదు, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం ఉండడం కాదు, లేకపోవడం. షార్ట్ రీడ్ అసెంబ్లీలో సరిగ్గా ఆ చోటే కాంటిగ్ (రీడ్స్ అతికితే వచ్చిన పొడుగు ముక్క) తెగి ఉంటుంది. క్లెబ్సియెల్లా కోసమే చేసిన క్లెబొరేట్ టూల్ అయితే జీన్ ముక్కలైందని చెబుతుంది. తెగిన రెండు కొసలనూ చేత్తో వెతికి పట్టుకున్నవాళ్ళ ముఖాల్లో వెలుగు చూడాలి. కొలిస్టిన్‌కు 2020 నుంచి, ల్యాబు పరీక్షల ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ సెన్సిటివ్ అనే గడినే తీసేసింది. అయినా ఆ గడిలో ఎస్ అని ప్రింటయి వచ్చే రిపోర్టులు ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి.

పాకిందా లేదా అన్న మొదటి ప్రశ్నకు వచ్చేసరికి ఒక పాత కేసును ముందుపెట్టాను. అమెరికాలో బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్ క్లినికల్ సెంటర్, 2011. జూన్ 13న న్యూయార్క్ నుంచి ఒక రోగిని తెచ్చారు. ఆమెలో కేపీసీ అనే కార్బాపెనమేజ్ ఉన్న క్లెబ్సియెల్లా ఉందని తెలుసు, విడిగా ఉంచారు, జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. ఆమె డిశ్చార్జ్ అయిన మూడు వారాలకు ఇంకో రోగిలో అది బయటపడింది. తర్వాత ఒక్కొక్కరే. మొత్తం 18 మంది, వాళ్ళలో 11 మంది చనిపోయారు, 6 మరణాలకు ఈ ఇన్‌ఫెక్షనే కారణమని తేల్చారు. శిక్షణలో ముందు వార్డు టైమ్‌లైన్ మాత్రమే ఇచ్చి, ఎవరినుంచి ఎవరికి వెళ్ళిందో పెన్సిల్‌తో బాణాలు గీయమన్నాను. దాదాపు అందరూ బయటపడిన వరసలోనే ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు అని గీశారు. తర్వాత జీనోమ్ ఫలితం ఇచ్చాను. మొదటి రోగి నుంచే అది మూడుసార్లు విడివిడిగా బయటికి వెళ్ళింది. కల్చర్‌లో బయటపడిన వరస, పాకిన వరస ఒకటి కాదు. మధ్యలో లక్షణాలు లేకుండా పేగుల్లో మోసినవాళ్ళున్నారు. మొదటి రోగి శరీరంలోనే వేర్వేరు చోట్ల తీసిన శాంపిళ్ళలో కొద్దిపాటి తేడాలుండడం వల్లే ఇదంతా విడదీయగలిగారు. ఒక రోగి నుంచి ఒకే కాలనీ చాలు అనుకునే మన అలవాటును ఇది కదిలిస్తుంది.

ఎన్ని ఎస్‌ఎన్‌పీల (ఒక్కో అక్షరం తేడాల) లోపుంటే పాకినట్టు? అందరూ అడిగే ప్రశ్న. యూరప్ ఆస్పత్రుల క్లెబ్సియెల్లాల మీద 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం 21 దగ్గర గీత గీసింది. ఆ అంకె పట్టుకుని వెళ్ళిపోతారని నా భయం. రిఫరెన్స్ దూరంగా ఉన్నదయితే లెక్క మారుతుంది, రికాంబినేషన్ ప్రాంతాలు (వేరే క్రిమి డీఎన్‌ఏ వచ్చి కలిసిన చోట్లు) తీసేయకపోతే మారుతుంది, ఆస్పత్రిలో ఆ క్రిమి ఏళ్ళ తరబడి తిష్ఠ వేసి ఉంటే కూడా మారుతుంది. ఎస్‌టీ ఒకటే అయితే చాలు అనుకోవడం అయితే మరీ ప్రమాదం. హైదరాబాద్‌లో ఒక ఎస్‌టీ231, విశాఖపట్నంలో ఒక ఎస్‌టీ231 దొరికాయంటే ఆ ఇద్దరు రోగులకూ సంబంధం ఉందని కాదు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళందరూ అన్నదమ్ములు కారు కదా.

ఈ చర్చలోనే పటాన్‌చెరు ప్రస్తావన వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? అక్కడి మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మా ఐసీయూ క్రిములు అక్కడినుంచే వచ్చాయా అని ఒకరు అడిగారు. ఆస్పత్రి ఐసొలేట్లు మాత్రమే సీక్వెన్స్ చేస్తే ఆ ప్రశ్నకు జవాబు రాదు. నీళ్ళు, మనుషులు, పశువులు, అన్నిటి నుంచీ ఒకే కాలంలో తీసిన శాంపిళ్ళు పక్కపక్కన పెట్టాలి. అది వేరే స్థాయి పని.

శిక్షణ అయ్యాక బ్యాచ్‌లోని ఒక డాక్టరుగారికి సొంత ఆస్పత్రిలోనే పరీక్ష ఎదురైంది. ఆస్పత్రి పేరు అనవసరం. జబ్బుపడ్డ పసిపిల్లల విభాగం ఎస్‌ఎన్‌సీయూలో కొద్దిరోజుల్లో ముగ్గురికి క్లెబ్సియెల్లా. ముగ్గురివీ ఒకే ఎస్‌టీ. చెట్టు గీశాక ఇద్దరి ఐసొలేట్ల మధ్య తేడా వేళ్ళ మీద లెక్కపెట్టేంత, మూడోది వందల ఎస్‌ఎన్‌పీల దూరంలో. సూపరింటెండెంట్ మొదటి ప్రశ్న: "ఎవరి తప్పు?" సిస్టర్లు అప్పటికే భయపడుతున్నారు. రెండు ఐసొలేట్లు దగ్గరగా ఉన్నాయంటే ఒకే మూలం నుంచి వచ్చి ఉండవచ్చు అని మాత్రమే చెప్పగలం. ఎవరినుంచి ఎవరికి అన్నది, మధ్యలో చేతులా, సక్షన్ ట్యూబా, సింకా అన్నది జీనోమ్ చెప్పదు. ఎన్‌ఐహెచ్‌లోనే శుభ్రం చేసేశామనుకున్న వెంటిలేటర్‌లోనూ సింకు గొట్టాల్లోనూ ఆ క్రిమి దొరికింది. ఆ డాక్టరుగారు ఆస్పత్రి కమిటీకి ఇచ్చినది ఒక్క పేజీ. ఎవరి పేరూ లేదు. రెండు కేసులకు ఉమ్మడి మూలం ఉండే అవకాశం బలంగా ఉంది, మూడోది వేరు, ఈ రెండు బెడ్లకూ ఉమ్మడిగా వాడిన పరికరాలూ సింకులూ కల్చర్ చేయాలి, మిగతా పిల్లలకు రెక్టల్ స్వాబ్ తీయాలి. అంతే రాశారు. చెట్టు బొమ్మ వెనక పేజీలో పెట్టారు. నా దగ్గరికి మొదట పంపిన డ్రాఫ్ట్‌లో బొమ్మే ముందుండేది. కమిటీలో ఎవరికీ అది చదవడం రాదని చెప్పి మార్పించాను.

ఇక ఇబ్బందులు. ఫ్లోసెల్ (సీక్వెన్సర్‌లో శాంపిళ్ళు వేసే చిప్పు) నిండేదాకా శాంపిళ్ళు పోగేస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది, కానీ ఆ లోపు వార్డులో అవసరం దాటిపోతుంది. రీజెంట్లు దారిలో ఎంతసేపు ఎండలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా పెద్దది, మనుషుల బదిలీ. నేర్చుకున్న డాక్టరుగారు ఇంకో జిల్లాకు వెళితే మెషీన్ మీద గుడ్డ కప్పేస్తారు. బయోఇన్ఫర్మాటిక్స్ మనిషికి చాలా ఆస్పత్రుల్లో పోస్టే లేదు. ఉన్న చోట కాంట్రాక్టు. అందుకే ఒక ఆస్పత్రి నుంచి ఒక్కరినే తీసుకోవడం మానేశాను. ఒక డాక్టరు, ఒక టెక్నీషియన్ జంటగా వస్తేనే సీటు. ఏడాదిలో బదిలీ అవకాశం ఎవరికుందో కూడా ఫారంలోనే అడుగుతున్నాను. అది మొరటు ప్రశ్నే, కానీ పనికొస్తోంది.

కోర్సు అయిపోయాక గుడ్డి శాంపిళ్ళు పంపుతాం: ఏ క్రిమో చెప్పకుండా డీఎన్‌ఏ గొట్టాలు, వాటిలో ఒకటి కావాలని రెండు క్రిములు కలిపింది, ఒకటి ఇంతకుముందు పంపిందే వేరే పేరుతో. ఆ రెంటిని పట్టుకోగలిగినవాళ్ళకే తర్వాతి బ్యాచ్‌లో పాఠం చెప్పే అవకాశం ఇస్తున్నాం. రాబోయే బ్యాచ్ అసినెటోబ్యాక్టర్ బౌమానీ మీద. దాంట్లో ఆక్సా-51 రకం జీన్ పుట్టుకతోనే ఉంటుంది. దాని ముందు ఐఎస్‌ఏబీఏ-1 అనే ఇన్సర్షన్ సీక్వెన్స్ వచ్చి చేరితేనే కార్బాపెనెమ్‌ల మీద దాని ప్రభావం పెరుగుతుంది. మొదటిరోజు ప్రాక్టీసుకు ఆ జీన్ ఉండి, మెరోపెనెమ్ సెన్సిటివ్‌గా ఉన్న ఐసొలేట్ ఇవ్వబోతున్నాను.